కొలిచి కోసిన ఇల్లు

"మీ నాన్నగారికి ఎంతమంది పిల్లలమ్మా?" అని లాయరమ్మ అడిగితే, పెద్దమ్మాయి తడుముకోకుండా "ఇద్దరం" అంది.

అనేశాక తన మాటకి తనే ఉలిక్కిపడింది. అబద్ధం ఆడాలని రాలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా కడుపులో దాచుకున్న కోరికేదో ఆ కుర్చీలో కూర్చునేసరికి నోరు జారి బయటపడింది.

"ఇద్దరమంటే, నేనూ మా తమ్ముడూ. ఇంకా... చిట్టి అని ఒక చెల్లెలుందనుకోండి."

"అనుకోవడమేమిటమ్మా? ఉందా, లేదా?"

"ఉంది," అంది పెద్దమ్మాయి, నేరం ఒప్పుకున్నట్టు.

లాయరమ్మ కళ్ళద్దాల మీంచి ఒకసారి చూసి, ముందున్న కాగితం మీద 'ముగ్గురు' అని రాసుకుంది.

నాన్న టైలరు. పోయి మూడు నెలలైంది. ఆయన వదిలి వెళ్ళింది ఒక ఇల్లు. పద్దెనిమిది అడుగుల వెడల్పు, ముప్ఫయ్యారు అడుగుల పొడవుతో రైలుపెట్టెలా ఉంటుంది. వీధి వైపు దుకాణం గది, దాని వెనక మధ్య గది, ఆ వెనక సందులోకి తలుపున్న మరో గది. పెద్దమ్మాయి పద్నాలుగో ఏట ఆ దుకాణం గదిలో గుండీలు కుట్టడానికి కూర్చుంది. పెళ్ళయి రెండు వీధుల అవతలికి కాపురానికి వెళ్ళినా, రోజూ పొద్దున్నే వచ్చి అక్కడే నిలబడింది. నాన్నకి చూపు మందగించాక కొలతలూ కోతలూ అన్నీ ఆమెవే. ఇప్పుడామెకి నలభయ్యారు, చెల్లెలికి ముప్ఫై ఎనిమిది. కటింగ్ బల్ల ముందు ఆమె నిలబడే చోట గచ్చు కూడా అరిగి నున్నబడిపోయింది.

సెల్‌ఫోన్లు అమ్మే తమ్ముడు కిందటి వారం ఆ గదిలోకి వచ్చి, గోడలు కళ్ళతోనే కొలిచి, "అక్కా, ఇల్లు నా పేర రాయించేసుకుంటా. నువ్వూ చిట్టీ చెరో సంతకం పెట్టండి చాలు. మీకు పెళ్ళిళ్ళయిపోయాయి కదా, ఇంకేం కావాలి? ఇక్కడ అద్దాల తలుపు బిగించి ఫోన్లు పెడతా. నువ్వు కావాలంటే గుమ్మం పక్కన ఓ మిషను వేసుకో, నేనేం వద్దనను," అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు! ఆ మాటకి ఒళ్ళు మండే, ఇవాళ ఈ లాయరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"విల్లు రాశారా?"

"లేదండీ. మా నాన్న ఎవరి కొలతలైనా రాసేవారు గానీ తన సంగతి రాసుకోలేదు."

"ఇల్లు ఆయన సొంత సంపాదనేనా? మీ అమ్మగారు, నాయనమ్మగారు ఉన్నారా?"

"సొంతమేనండీ. వాళ్ళిద్దరూ ముందే పోయారు."

"అయితే చిక్కేం లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకైనా కూతురైనా సమానమే. పెళ్ళయిందా, కాలేదా అని చట్టం అడగదు. ఇదివరకు ఉంటున్న ఇంట్లో భాగముండి కూడా, మగవాళ్ళు పంచుకుందాం అనేదాకా ఆడపిల్ల పంపకం అడగడానికి లేకుండా ఉండేది. రెండువేల అయిదులో దాన్నీ ఎత్తేశారు. మీరు దర్జాగా అడగొచ్చు."

పెద్దమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. తమ్ముడి అద్దాల తలుపు కళ్ళముందే భళ్ళున పగిలింది.

"మూడో వంతు మీది. మూడో వంతు మీ తమ్ముడిది. మూడో వంతు మీ చెల్లెలిది."

లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూలబడింది. "మేడమ్, మా చెల్లెలు ఆ దుకాణంలో ఒక్క గుండీ కుట్టిన పాపాన పోలేదండీ. సూదిలో దారం ఎక్కించమంటే అరగంట పడుతుంది దానికి. ముప్ఫై రెండేళ్ళు నేను నిలబడి చేశాను. చేసినవాళ్ళకి కాస్త ఎక్కువని ఎక్కడా లేదా?"

"చట్టం తలలు లెక్కపెడుతుందమ్మా, చేతులు కాదు. మీకు ఎక్కువ ఇవ్వాలనుకుంటే మీ నాన్నగారు విల్లు రాసి ఉండాల్సింది."

"పోనీ, మా చెల్లెలే వద్దంటే?"

"ఆవిడ తన ఇష్టంతో హక్కు వదులుకుంటే పత్రం రాసి రిజిస్టరు చేయించుకోవచ్చు. ఇష్టంతో, అర్థమైందా?" అని లాయరమ్మ ఆ మాటని రెండోసారి ఒత్తి పలికింది. పెద్దమ్మాయి మాత్రం 'వదులుకుంటే' అన్నంతవరకే చెవిన వేసుకుని లేచింది.

దారి పొడుగునా ఆమెకి నడక సాగలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది వ్యవహారం. ఏ చట్టం తమ్ముణ్ణి పక్కకి జరిపిందో, ఆ చట్టమే చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గదిలో కూర్చోబెడుతోంది. తమ్ముడితో తనకి పేచీయే గానీ కుళ్ళు లేదు. వాడు మగపిల్లాడు, వాడి గోల వాడిది. చిట్టి మాట వేరు. చిట్టిని తలుచుకుంటే కడుపులో కుంపటి రాజుకుంటుంది.

కడుపుమంటకి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. పెద్దమ్మాయికి నాన్న సుద్దముక్క ఇస్తే అది గీతలు గీయడానికి. చిట్టికిస్తే బొమ్మలు వేసుకోవడానికి. పెద్దమ్మాయి వేలికి సూది దిగితే "నోట్లో పెట్టుకో, తగ్గిపోతుంది" అనేవాడు. చిట్టి మోకాలు దోక్కుపోతే మిషను ఆపి మరీ ఎత్తుకునేవాడు. పెద్దది పనికీ, చిన్నది చదువుకీ అని ఎవరు నిర్ణయించారో ఆ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, అలా జరిగిపోయింది. ఇప్పుడు చిట్టి పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని లోపలికి పంపే ఉద్యోగం చేస్తోంది. ఇస్త్రీ నలగని చొక్కాలు వేస్తుంది. ఆ చొక్కాలు కుట్టేది మళ్ళీ అక్కే.

చివరి ఆరునెలలూ నాన్నకి గంజి తాగించింది పెద్దమ్మాయి, పక్కబట్టలు మార్చింది పెద్దమ్మాయి. చిట్టి ఆదివారం పూట వచ్చి తల దువ్వేది. ఆ గంటసేపూ ఆయన మొహం చూడాలి, పెద్ద బల్బు వెలిగించినట్టుండేది. అది వెళ్ళగానే స్విచ్చి కట్టేసినట్టయి, "చిట్టి మళ్ళీ ఎప్పుడొస్తుందే?" అని అడిగేవాడు, నోటి ముందు చెంచా పట్టుకుని కూర్చున్న పెద్దకూతుర్ని.

ఇంటికెళ్ళి మొగుడితో చెప్పుకుంది. ఆయన నీళ్ళ పంపుల మెకానిక్కు. చేతులకి అంటిన గ్రీజు తుడుచుకుంటూ విని, "చట్టం ప్రకారం నీకు వచ్చేది వస్తోంది కదా?" అన్నాడు.

"నాకు రావడం కాదు, దానికి రావడం."

"మీ అక్కచెల్లెళ్ళ మధ్య నేను దూరితే నన్నూ అడ్డంగా కోస్తావు," అని ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

తమ్ముడి సంగతి సులువుగానే తేలింది. చట్టం పేరెత్తేసరికి మొదట ఎగిరిపడ్డాడు. ఎవరినో అడిగి కనుక్కున్నాక దిగొచ్చాడు. "సరేలే అక్కా, సందు వైపు గది నాకొదిలేయండి. అటూ జనం నడుస్తారు," అన్నాడు. ఇక మిగిలినవి దుకాణం గదీ, మధ్య గదీ. ముందు గది తనకి, మధ్య గది చిట్టికి. మధ్య గదికి వీధి తలుపు లేదు, సందు తలుపూ లేదు. అలాంటి గదిని ఏం చేసుకోవాలో తెలియక చిట్టి తనంతట తనే వదిలేసుకుంటుంది. ఇదీ పెద్దమ్మాయి ఆలోచన. పైకి చూస్తే న్యాయం, మూడు గదులూ సమానమే కదా. అడుగు అటూ ఇటూ లేదు.

లాయరమ్మ చెప్పిన మాట తమ్ముడి నోట చిట్టికీ చేరింది. ఆదివారం ముగ్గురూ దుకాణంలో కలుసుకోవాలనుకున్నారు. పెద్దమ్మాయి పొద్దున్నే వెళ్ళి బల్ల మీద అట్టకాగితం పరిచింది. అడుగుకి అంగుళం చొప్పున ఇంటి చుట్టుగీత గీసింది. మరో కాగితం మీద మూడు గదులూ విడివిడిగా గీసి కత్తెరతో కోసింది. ముందు తనది కోసింది. తరవాత తమ్ముడిది. చివర చిట్టిది. చొక్కా ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి సరిచూడకుండా ఏనాడూ పక్కన పెట్టని మనిషి, వీటిని మాత్రం గుండుసూదితో గుచ్చి సొరుగులో పడేసింది.

పదింటికి తమ్ముడొచ్చాడు. పదీ పావుకి చిట్టి వచ్చింది, భుజాన చేతిసంచీతో. వచ్చీ రాగానే కళ్ళు చెదిరే నవ్వొకటి నవ్వింది. ఆ నవ్వూ నాన్నదే. పంచకుండానే అది దానికి వెళ్ళిపోయింది.

"ఇదిగో, ఎవరి ముక్క వాళ్ళు చూసుకోండి," అని పెద్దమ్మాయి కాగితాలు బల్ల మీద పెట్టింది. "తమ్ముడికి వెనక గది. చిట్టికి మధ్యది. నాకు ముందుది. అన్నీ సమానం. నీకు ఆ గదితో పనేం ఉంటుందిలే చిట్టీ, తాళం వేసి పెట్టుకుంటావో, ఏం చేసుకుంటావో..."

చిట్టి ముక్కలు చేతిలోకి తీసుకుంది. బల్ల మీదున్న చుట్టుగీత లోపల అన్నయ్య ముక్క పెట్టింది. సరిగ్గా కూర్చుంది. తన ముక్క పెట్టింది. గీత మీద గీత పడింది. అక్క ముక్క పెట్టింది. కూర్చోలేదు. అటు జరిపింది, ఇటు జరిపింది.

"అక్కా, నీ గది రోడ్డు మీదకి వచ్చేసిందే?"

"ఏదీ?"

"చూడు. రోడ్డు మీదకి అర అడుగు. ఇటు పక్కింట్లోకి అర అడుగు, అటు పక్కింట్లోకి అర అడుగు. ఇదిగో, నా మంచం కిందకి ఇంకో అర అడుగు."

తమ్ముడు ముందుకి వంగి చూసి పగలబడి నవ్వాడు. "రేపు పక్కింటాయన వచ్చి, 'మా వంటగదిలో మీ అక్క మిషను తొక్కుతోందండీ, కాస్త పిలవండి' అంటాడు! చట్టం చట్టం అని నన్ను గడగడలాడించావు గదే, ఇది ఏ సెక్షనక్కా?"

పెద్దమ్మాయి చెవులు వేడెక్కాయి. "నోర్ముయ్ రా! కుట్టుకి వదిలాను. చేతి అలవాటు. ఏ ముక్క కోసినా నాలుగు వైపులా అర అంగుళం వదలందే నా కత్తెర కదలదు. అంత వదలకపోతే ఏ రెండు ముక్కలు కలుస్తాయి?"

"అవును, గోడల్ని కుడతావు మరి," అన్నాడు తమ్ముడు.

"నిజమే అన్నయ్యా, టైలర్లకి అలవాటే," అంది చిట్టి. నవ్వడం లేదు. మూడు కాగితాలనీ వేళ్ళతో సాపు చేసింది. "కానీ అలవాటైతే మూడింటికీ వదలాలి కదక్కా?"

తమ్ముడి నవ్వు సగంలో తెగింది.

పెద్దమ్మాయి ఆ ముక్కల వైపు చూసింది. కావాలని చేయలేదు, ఒట్టు వేసి చెప్పగలదు. కానీ తన ముక్క కోసేటప్పుడు గీతకి అర అంగుళం బయటగా నడిచిన చెయ్యి, వాళ్ళవి కోసేటప్పుడు వెంట్రుకవాసి తేడా లేకుండా గీత మీదే నడిచింది. ముప్ఫై రెండేళ్ళలో ఆ చెయ్యి ఇలా ఎప్పుడూ చెయ్యలేదు.

చిట్టి సంచీలోంచి మడిచిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. "ఇది చూడు. నా భాగం నీకు వదులుకుంటున్నట్టు రాయించుకొచ్చాను. రేపు రిజిస్టరు ఆఫీసుకి వెళ్దామని సెలవు కూడా పెట్టుకున్నా."

పెద్దమ్మాయి చెయ్యి దానంతటదే కాగితం మీదకి వెళ్ళింది. చిట్టి అంతకన్నా ముందు తీసేసి మళ్ళీ సంచీలో పెట్టేసింది.

"ఇప్పుడు ఇవ్వను."

"ఆ గది ఏం చేసుకుంటావే నువ్వు?"

"ఏం చేసుకుంటావని అన్నయ్యని అడిగావా? నిన్నెవరైనా అడిగారా? నేను మాత్రం ఎందుకు చెప్పాలి? తాళం వేసుకుంటా. తలుపు తీసి చూసుకుంటా. నా ఇష్టం."

"మధ్యలో నాకొచ్చిన గొడవేమీ లేదుగా?" అని తమ్ముడు మెల్లగా తన ముక్క జేబులో పెట్టుకున్నాడు. "మీరూ మీరూ చూసుకోండి. నేనెళ్ళి నా కొట్టు తెరవాలి." చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే జారుకున్నాడు.

అక్కచెల్లెళ్ళిద్దరూ మిగిలారు. పెద్దమ్మాయి కోపంతోనే అడిగింది. "ఇచ్చేద్దామని ఎందుకొచ్చావు? జాలా?"

"జాలి కాదు. ఈ గదిలోకి వస్తే నాకు ఏడుపొస్తుంది. అందుకని వద్దనుకున్నా." చిట్టి బల్ల అంచు పట్టుకుంది. "నన్ను చూస్తే నీకు కుళ్ళని నాకు చిన్నప్పుడే తెలుసు. నిన్ను చూస్తే నాకూ అంతే. తెలుసా నీకు?"

"నన్ను చూసా? నా వేళ్ళు ఎలా ఉన్నాయో చూశావా నువ్వు?"

"వాటిని చూసే. ఒకసారి నువ్వు లేనప్పుడు ఈ పెద్ద కత్తెర తీసుకుని ఏదో పాత గుడ్డ కోయబోయాను. నాన్న లాగేసుకున్నాడు. 'అది అక్కది, ముట్టుకోకు' అన్నాడు. నన్ను ఎత్తుకుని ముద్దు పెట్టుకుని బయట కూర్చోబెట్టాడు. నీతో గంటలు గంటలు మాట్లాడేవాడు, భుజం అంటే ఏంటో, వంపు అంటే ఏంటో. నాతో ఏం మాట్లాడేవాడు? తిన్నావా, పడుకున్నావా. పిల్లిపిల్లతో మాట్లాడినట్టు."

తనని చూసి కూడా ఒకరు కుళ్ళుకోగలరని పెద్దమ్మాయికి ఇన్నేళ్ళలో తట్టలేదు. సిగ్గుపడాల్సిన మాటే. కానీ సిగ్గుకన్నా ముందు, ఎండలో నడిచొచ్చినవాడికి చల్లటి నీళ్ళు దొరికినట్టు లోపల హాయిగా దిగింది.

"నిజంగా అన్నాడా? 'అక్కది' అని?"

"అన్నాడు."

"ఇంకా ఏమన్నాడు?"

చిట్టి ఆమె మొహంలోకి చూసి, ఇంత బాధలోనూ ఫక్కున నవ్వింది. "ఎంత ఆశ నీకు! ఇంకేం అనలేదు. అదొక్కటే."

స్టూలు లాక్కుని కూర్చుంది చిట్టి. "ఇదిగో, నా మాట విను. అన్నయ్య గది అన్నయ్యకి పోనీ. ఈ రెండు గదులూ మనిద్దరి పేరునా కలిపే ఉంచుదాం, చెరి సగం, కోయకుండా. దుకాణం నువ్వే నడుపుకో. నేను ఆదివారాలు వస్తా. నాకు కోయడం నేర్పు."

గది పోతుందన్నప్పుడు కూడా పెద్దమ్మాయి ఇంత బెదరలేదు. "భాగం తీసుకోవే. ముందు గదిలో సగం ఇదిగో ఇక్కణ్ణించి గీత గీసిస్తా, కిటికీ వైపే తీసుకో. తలుపు వైపు కావాలన్నా తీసుకో. కత్తెర జోలికి మాత్రం రాకు."

"భాగం నువ్విచ్చేది కాదక్కా, అది నాదే. లాయరమ్మ నీకు చెప్పింది కదా? నేను అడుగుతున్నది కత్తెర. అది చట్టంలో లేదు, అందుకే నిన్ను అడుగుతున్నా."

"నేర్పకపోతే?"

"సగం గీసి ఇవ్వు. ఆ సగంలో నేనొక బల్ల వేసుకుని, ఇంకెవరి దగ్గరో నేర్చుకుని, నీ ఎదురుగానే కుడతా."

ఆ పని చేయగలదది. నాన్న నవ్వు దాని దగ్గరుంది, వచ్చినవాళ్ళెవరూ ఇటు తిరిగి చూడరు. పెద్దమ్మాయి కత్తెర తీసి సొరుగులో పెట్టబోయి, మళ్ళీ బల్ల మీదే పెట్టింది. చివరికి, "ఆలస్యంగా వస్తే నేర్పను," అంది.

రెండు గదులూ ఇద్దరి పేరునా, వెనక గది తమ్ముడి పేరునా పత్రం రాసుకున్నారు. ముగ్గురూ వెళ్ళి సంతకాలు పెట్టారు. ఆ తరవాతి వారం నుంచి చిట్టి ఆదివారాలు రావడం మొదలుపెట్టింది. పది నిమిషాలు ముందే వచ్చేది. తిట్టడానికి ఆ వంక కూడా లేకుండా చేసింది.

మొదటి ఆదివారం పెద్దమ్మాయి ఆమె చేత పాత పేపర్లు కోయించింది. రెండో వారం దుప్పటి ముక్కలు. మూడో వారం, అరిగిపోయిన పరదా గుడ్డ ఇచ్చి, చొక్కా వీపు గీసి కోయమంది. తనకి ఆ వీపు కోత కుదరడానికి రెండేళ్ళు పట్టింది. రెండేళ్ళు! ఇది మూడు వారాలకే కూర్చుని కుమిలిపోతుంటే చూడాలని లోపల్లోపల ఉబలాటంగా ఉంది. కాస్త దూరంగా నిలబడి, గుండీలు వెతుకుతున్నట్టు నటిస్తూ ఓరకంట చూసింది.

కత్తెర గుడ్డలోంచి నీళ్ళలో పడవలా వెళ్ళింది. భుజం దగ్గర తిరిగింది, మెడ దగ్గర తిరిగింది, ఆగింది.

"చూడక్కా."

పెద్దమ్మాయి గుడ్డ తీసుకుంది. వెలుతురుకి పెట్టి చూసింది. తిరగేసి చూసింది. నడిమికి మడిచి రెండు భుజాలూ కలిపింది. టేపు తీసి కొలిచింది, కొలిచిందే మళ్ళీ కొలిచింది. ఎక్కడైనా నూలుపోగంత వంకర దొరక్కపోతుందా అని మెడ వంపు మీద వేలు పెట్టి నడిపించింది. దొరకలేదు. కడుపులో కుంపటి మళ్ళీ రాజుకుంది.

"చెప్పు, ఎలా ఉంది?"

"సరిపోయింది," అంది. మత్తు ఇవ్వకుండా పన్ను పీకితే వచ్చినట్టు వచ్చింది ఆ మాట.

చిట్టి మొహం వెలిగింది. "అయితే కాలరు నేర్పు."

"కాలరు ఇప్పుడే నేర్పను."

"ఎప్పుడు నేర్పుతావు?"

"నాకు బుద్ధి పుట్టినప్పుడు."

"సరే," అని చిట్టి స్టూలు కిటికీ దగ్గరకి, ఎండ పడేచోటికి లాక్కుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. "తొందరేం లేదు. నా గదే కదా, ఎదురుచూస్తా."